ఇంటిపాటను దాచుకొనుట

మన యిండ్లలో నగలకు పెట్టె కలదు, ధాన్యమునకు గాదె కలదు, ఊరగాయకు జాడీ కలదు. ఇంటనే పుట్టి యింటనే పెరిగిన పాటకు మాత్రము ముసలివారి నోరు తప్ప వేఱొక చోటు లేదు. ఆ నోరు మూతపడిన నాడు పాటయు మాయమగును. ఈ సంగతిని నేను ఆలస్యముగా తెలిసికొంటిని. తెలిసికొన్న విధమును, పాటను పట్టి యుంచు పరికరములను ఎన్నుకొనుటలో నేను చేసిన పొరపాట్లను మీకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది నిజామాబాదు జిల్లాలోని ఏర్గట్ల. మా వారు బడిపంతులు. నాకు చదువు మా తండ్రిగారి యొద్ద ఇంటనే జరిగినది. భారతము, భాగవతము, కొన్ని ప్రబంధములు వారు చెప్పగా చదువుకొంటిని. కాపురమునకు వచ్చినప్పుడు గణములు, యతిప్రాసలు తెలిసిన దాననన్న గర్వము నాకు మెండుగా నుండెడిది. మా యత్తగారికి అక్షరము రాదు. కాని వారు నోరు విప్పిరా, పెండ్లిలో నలుగు మొదలు అప్పగింతల వఱకు, బొడ్డెమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వఱకు, ఏ వేళకు తగిన పాట ఆ వేళకు పొంగి వచ్చెడిది. నేనో, "ఇందులో యతి యేది? ప్రాస యేది?" అని లోలోపల చిన్నచూపు చూచితిని. పదునైదేండ్లు ఒకే యింట మెలగియు ఒక్క పాటయైనను నేర్చుకొనలేదు.

గడచిన సంవత్సరము మా యత్తగారి గొంతులో కణితి కనబడినది. థైరాయిడు గ్రంథిపై లేచినదనియు, శస్త్రచికిత్స చేయవలెననియు వైద్యులు చెప్పిరి. ప్రాణభయము లేదట. కాని గొంతును ఆడించు నరములు ఆ గ్రంథిని ఆనుకొని పోవును గనుక, ఒక్కొక్కరికి చికిత్స తరువాత స్వరము మాఱుననియు, పై స్థాయి అందకపోవచ్చుననియు తెలిపిరి. మూడు వారములు గడువిచ్చిరి. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. పదునైదేండ్లుగా చెవిన పడుచున్న కంఠము మూడు వారములలో పోవునేమో యన్న తలపు వచ్చిన తరువాతనే, అది యెంత గొప్ప కంఠమో నాకు తెలిసినది.

"ఇటువంటి పాటలు పుస్తకములలో కలవు గదా" యని మా వారు ఊరడించిరి. నిజమే. బిరుదురాజు రామరాజుగారు 1950వ దశకముననే తెలుగు జానపద గేయములపై పరిశోధన చేసి మహోపకారము చేసిరి. కాని పుస్తకము మాటను దాచునే గాని మెట్టును దాచలేదు. ఏ యక్షరముపై గొంతు నిలిచినది, ఎచ్చట ఊపిరి తీసికొన్నది, ఎచ్చట పాట కన్నీటిలోనికి జాఱినది, కాగితము చెప్పజాలదు. దానికి ధ్వనిని పట్టు యంత్రమే కావలెను.

మొదట చేతనున్న ఫోనుతోనే పట్టితిని. విని చూడగా వింతయైన లోపము కనబడినది. మాటలు స్పష్టముగనే యున్నవి గాని, అత్తగారు దీర్ఘముగా లాగిన చోటనెల్ల స్వరము సన్నగిలి మునిగిపోవుచున్నది. తరువాత విచారింపగా కారణము తెలిసినది. ఫోనులు ముఖ్యముగా సంభాషణకై చేయబడినవి. చిన్న ధ్వనిని పెంచుట, పెద్ద ధ్వనిని తగ్గించుట, ఒకే తీరుగా సాగు ధ్వనిని పంకారొదగా నెంచి అణచుట వాని స్వభావము. మన పాటకు ప్రాణమైన దీర్ఘమే దానికి రొదగా తోచినది! కొన్ని ఫోనులలో ఈ సవరణను ఆపివేయు వీలు కలదు. ఉన్నచో మొదట దానిని ఆపవలెను.

అంతట తొందరపడి పట్టణములో ఒక యంగడికి పోయి, సినిమాలలో గాయకుల యెదుట వ్రేలాడునటువంటి పెద్ద మైకును కొంటిని. ఇంటికి తెచ్చి మా వారి కంప్యూటరునకు తగిలింపగా అది మూగనోము పట్టినది. అది కండెన్సరు జాతి మైకు. దానికి 48 వోల్టుల విద్యుత్తును తీగ ద్వారా అందించు ఆడియో ఇంటర్‌ఫేసు అను మఱియొక పెట్టె కావలెనట. అంగడివారు ఆ మాట చెప్పలేదు, నేను అడుగలేదు. తిరిగి తీసికొనుమన్న తీసికొనలేదు. నాలుగువేల రూపాయలు, నాలుగు దినములు వ్యర్థమైనవి. గడువులో నుండి పోయిన ఆ నాలుగు దినములకే నేను ఎక్కువ యేడ్చితిని.

తుదకు మా వారి పూర్వశిష్యుడొకడు తన చేతి రికార్డరును అరువిచ్చెను. అది అరచేతిలో నిముడునది. రెండు చిన్న మైకులు దానిలోనే యున్నవి. రెండు బ్యాటరీలతో నడచును, చిన్న కార్డుపై పాటను దాచును. సోదరీమణులారా! ఇంటిపాటకు ఇదియే తగినదని నా యనుభవము. గోడలోని కరెంటుతో పని లేదు గనుక తీగల వెంట వచ్చు గుంయ్ అను రొద దీనిలో చొరబడదు. కంప్యూటరు పంకా మ్రోత దగ్గఱ నుండదు. అన్నిటికంటె మేలు, ముసలివారు దీనిని చూచి బెదరరు. ఇంట కూర్చుండి పలుమార్లు పాడి, పలు వాద్యములు చేర్చి, పాటను కూర్చువారికి ఇంటర్‌ఫేసు, కండెన్సరు మైకు మంచివే. నిశ్శబ్దము లేని యింట దగ్గఱి ధ్వనినే పట్టు డైనమికు మైకును మేలే. కొనుటకు ముందు అరువు తెచ్చి, మీ యింట, మీ గదిలో, మీవారి గొంతుతోనే పరీక్షింపుడు. నేను తరువాత సుమారు పదివేలు పెట్టి అటువంటిదే కొంటిని.

పరికరము దొరికినది. ఇక నిశ్శబ్దము దొరకవలెను. అది పసుపు దినుసు ఇంటికి చేరు కాలము. ఉడుకబెట్టి యెండబెట్టిన కొమ్ములను మెఱుగుపట్టు డ్రమ్ముల మ్రోత వీధులలో నిండియుండెను. మా గదిలో పాడిన బోడిగోడలు ధ్వనిని తిరుగగొట్టి బావిలో పాడినట్లు వినబడెను. అప్పుడు మా మఱదిగారు నిజామాబాదు మార్కెటునకు పంపదలచి పసుపు బస్తాలు పేర్చిన గది జ్ఞప్తికి వచ్చినది. గోనెసంచులు మూడు ప్రక్కల నిలువెత్తు నుండుటచే వెలుపలి రొద మందగించెను, లోపలి ధ్వని ప్రతిధ్వనింపలేదు. ధూళికి దగ్గు రాకుండ బస్తాలపై దుప్పట్లు కప్పితిమి. బస్తాలు లేని యింట బొంతలు, పఱుపులు, నిండుగా బట్టలున్న అలమర చాలును. పంకా ఆపుట, ఫోనులను దూరముంచుట మఱవరాదు. రికార్డరును బల్లపై నేరుగా పెట్టక, మడిచిన బొంతపై పెట్టితిని. నోటికి జేనెడున్నర దూరమున కొంచెము ప్రక్కగా నుంచితిని. ఎదురుగా నుంచినచో ప, బ, భ లు పలికినప్పుడు ఊపిరి మైకుపై పడి టప్పుమనును.

అన్నియు సిద్ధమైనవి గాని మా యత్తగారు పాడలేదు. "నా గొంతు డబ్బాల పెడ్తవా బిడ్డా?" అని నవ్విరి. బలవంతముపై ఆరంభించి రెండవ చరణమున మఱచిరి. మఱియొక పాటయు అట్లే ఆగినది. నేను నిరాశపడి ప్రత్తి తీసి వత్తులు చేయసాగితిని. వారును కొంత ప్రత్తి తీసికొనిరి. చేయి కదలగనే పాట కదలినది! "చేతులు ఊకుంటె పాట యాదికొస్తదా బిడ్డా?" అనిరి. వారు పాటలు నేర్చినది పొలమున నాట్లు వేయుచు, ఇంట బీడీలు చుట్టుచు. పని లేని పాటను వారెఱుగరు. బీడీయాకు గలగలలాడును, చాట చప్పుడు చేయును. ప్రత్తికి మాత్రము చప్పుడు లేదు. ఆ మూడు వారములలో మా దేవునికి సంవత్సరమునకు సరిపడు వత్తులు సిద్ధమైనవి.

ఆ దినముననే ఘోరమైన పొరపాటును చేసితిని. ధ్వని చిన్నగా నున్నదని రికార్డరు మరను పైకి త్రిప్పితిని. అత్తగారు అప్పగింతపాట నెత్తుకొనిరి. ఆడుబిడ్డను అత్తవారింటికి పంపిన నాటిది వారికి తలపునకు వచ్చెనేమో, మూడవ చరణమున గొంతెత్తి, ఏడ్చుచు పాడిరి. నాకును కన్నులు నిండెను. రాత్రి విని చూతునుగదా, ఎత్తుగా పాడిన చోటనెల్ల స్వరము పగిలి గరగరలాడుచున్నది! యంత్రము పట్టగల మేరను దాటిన ధ్వని తెగిపోవును, ఏ సవరణచేతను దానిని పూర్తిగా తిరిగి తేలేము. కనుక మొదట ఎంత గట్టిగా పాడుదురో అంత గట్టిగా ఒక చరణము పాడించి, ఆ హెచ్చు ధ్వని కొలతలో మైనస్ 12 డెసిబెల్ దగ్గఱ నిలుచునట్లు మర త్రిప్పవలెను. చిన్నగా పట్టినదానిని తరువాత పెంచుకొనవచ్చును. హెడ్‌ఫోను చెవులకు పెట్టుకొని పాడునప్పుడే వినుట మఱియు మంచిది. మఱునాడు ఆ పాటనే మఱల పాడిరి. ఒక్క లోపము లేదు. కాని ఆ కన్నీరు మఱల రాలేదు.

పట్టిన పాటను వేవ్ రూపమున దాచవలెను. క్షణమునకు 44,100 మార్లు కొలిచి, 16 బిట్లలో, రెండు మైకుల ధ్వనిని దాచిన నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లగును. గంటకు 600 పైచిలుకు. 24 బిట్లైన దీనికి ఒకటిన్నర రెట్లు. ఎంపీత్రీ చిన్నదగును గాని, చెవికి పట్టదని యెంచిన ధ్వనిని విడిచివేయును. దానిని పంపుటకు వాడుడు, దాచుటకు వలదు. కంప్యూటరులో ఉచితముగా లభించు ఆడాసిటీతో మొదలు, తుది కత్తిరింపవచ్చును, కాని మూలప్రతిని ముట్టరాదు. వాట్సాపులో పంపునప్పుడు డాక్యుమెంటుగా పంపినచో ధ్వని చెడదు.

1877లో ఎడిసను తగరపు రేకుపై మాటను పట్టెను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ కొమ్ముగొట్టములోనికి మూడేసి నిమిషముల పాటలు పాడి, తుదను తన పేరు తానే చెప్పెడిది. మేము మొదటనే చెప్పించితిమి. పేరు, ఊరు, తేది, పాట యే వేళది, ఎవరు నేర్పిరి అని. అట్లు చెప్పించుటవలననే, మా యత్తగారు బోధను దగ్గఱి పుట్టింట పిల్లనాడు చక్కెర కర్మాగారపు కూత విని నిదుర లేచి, తల్లి వెంట పాటలు నేర్చిరని నాకు తెలిసినది. 1937లో స్థాపింపబడిన ఆ నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. వియ్యపురాండ్రను ఎగతాళి చేయు పాటలను బయటికి పంపరాదని ఆజ్ఞాపించిరి. వానిని వేఱుగా నుంచితిమి. పాడినవారి యనుమతి లేని పాట దొంగసొమ్ము గదా.

చికిత్స నిర్విఘ్నముగా జరిగినది. మాట వచ్చినది. పై స్థాయి రాలేదు. మా కడ నలుబది మూడు పాటలున్నవి. ఒక ప్రతి కంప్యూటరులో, ఒకటి వేఱు డిస్కులో, ఒకటి బోధనులో మా యాడుబిడ్డ యింట. ఆమె పాటలు కొనిపోవ వచ్చినప్పుడు రెండు అప్పగింతపాటలను వినిపించితిని. లోపము లేని దానిని ప్రక్కకు పెట్టి, పగిలిన దానినే మొదట అడిగినది.

ఇప్పుడు మా యత్తగారు ఆ పాటలు విని మనుమరాలికి నేర్పుచున్నారు. తాము అందుకొనలేని చోట వేలు పైకెత్తి, "ఆడ డబ్బాల యిను" అనుచున్నారు. ప్రక్కన కూర్చుండి వత్తులు చేయుచు నేనును నేర్చుకొనుచున్నాను. యతిప్రాసలను వెదకుట మానితిని.

సోదరీమణులారా! మంచి యంత్రము వచ్చువఱకు వేచియుండకుడు. ఈ యాదివారము పంకా ఆపి, మీ తల్లినో అత్తనో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారి చేతికి ఇంత ప్రత్తి నిండు.