వైశాలిలో రెండు భాషలు

వైశాలి అనగానే చరిత్ర చదివినవారికి బీహారులోని లిచ్ఛవుల రాజధాని స్ఫురిస్తుంది. ఇది ఆ వైశాలి కాదు. ఢిల్లీ తూర్పు పొలిమేర దాటగానే, ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాలో మేడల వరుసలతో వెలసిన నివాసపురం. మెట్రో నీలి మార్గపు శాఖ ఒకటి ఆనంద్ విహార్ మీదుగా వచ్చి ఇక్కడ ముగుస్తుంది. 2011 జూలైలో ఈ స్టేషను ప్రారంభమైనది.

సాయంకాలం స్టేషను మెట్లు దిగే ఉద్యోగి ఫోనులో ఇంగ్లీషు ముగించి, ఈ-రిక్షావానితో హిందీలో బేరమాడి, ఇల్లు చేరి తల్లితో మాతృభాషలో మాట్లాడుతాడు. అది అతనికి శ్వాసవలె సహజం. మెదడుకు మాత్రం శ్రమ. రెండు భాషలు తెలిసినవారి మెదడులో రెండూ మేలుకొనే ఉంటాయి. ఒకటి పలికేటప్పుడు రెండవదానిని అదుపులో ఉంచవలసి వస్తుంది.

వైశాలికి కొద్ది దూరంలో, దిల్షాద్ గార్డెన్‌లో, మెదడుకు ప్రవర్తనకు గల సంబంధాన్ని పరిశీలించే ఇహ్బాస్ అనే ప్రభుత్వ వైద్యసంస్థ 1993 నుండి ఉన్నది. ఇటువంటి చోట్ల జ్ఞాపకశక్తిని మాటలతోనే కొలుస్తారు. కొన్ని పదాలు చెప్పి, కాసేపటికి తిరిగి అడుగుతారు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కిస్తారు. తెలుగు తప్ప ఎరుగని వృద్ధురాలిని హిందీలో ప్రశ్నిస్తే, భాష రాకపోవడమే మతిమరపుగా తోచవచ్చు.

భాషకు, మతిక్షీణతకు గల సంబంధాన్ని వెదకినది వైశాలివలెనే పలు భాషలు కలిసే హైదరాబాదు. అక్కడి నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, సహపరిశోధకులు డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించారు. వారిలో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవారు. 2013లో వెలువడిన ఫలితం ప్రకారం, ఏకభాషీయులకంటె వీరిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా కనిపించినాయి. చదువురానివారిలోను ఈ తేడా కనిపించింది గనుక, దీనిని బడి చదువు ఫలమనలేము. మూడవ భాష వల్ల అదనపు మేలు కానరాలేదు.

భాషలు వ్యాధిని నివారిస్తాయని దీని అర్థం కాదు. తరువాతి పరిశోధనలన్నీ ఏకీభవించనూ లేదు. అయినా నాలుగేండ్లపాటు మనుమల పేర్లు గుర్తుండటం ఏ ఇంటికైనా చిన్న భాగ్యం కాదు.

వైశాలి మేడలలోని తెలుగు ఇండ్లలో నాయనమ్మ తెలుగులో పిలిస్తే మనుమడు హిందీలో పలకడం వింత కాదు. బిడ్డకు రెండు భాషలు బరువని తలిదండ్రులు భయపడుతారు. ఆ పిలుపుకు వాడు తెలుగులో పలికిననాడు ఇద్దరికీ లాభమే.