పెరటి కొలిమి

కార్ఖానా యనిన పొగగొట్టమును, ఇనుపగేటును, వేళకు కూసెడి సైరనును మనసునకు తోచును. మా పలాస ప్రాంతమున కార్ఖానాలలో పెక్కింటికి ఆ లక్షణములు లేవు. పెరట కొబ్బరిచెట్టు నీడను ఒక రేకుల పాక, అందులో జీడిపిక్కలు ఉడికించెడి పాత్ర, మూలను గోనెపట్టా కప్పిన వెల్డింగు పెట్టె, ఇంతే. వంటయింటికిని పాకకును నడుమ నాలుగడుగుల దూరముండును. పిల్లలు అటునుండియే బడికి వత్తురు. ఇట్టిచోట పనిచేయువారి కన్నులను, చేతులను, ఊపిరిని కాపాడు భారమెవరిదో విచారింపవలసియున్నది.

ఉద్యానవనమే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కవిటి, సోంపేట మొదలుకొని వజ్రపుకొత్తూరు దాక కొబ్బరియు, జీడియు, పనసయు ఆ పేరును సార్థకము చేయుచున్నవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస చేరువను తీరము దాటిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చినది. చెట్టు మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కడుపు అన్నాళ్లు ఆగదు. కాబట్టి పిక్కలు ఎక్కడివైనను తెచ్చి, ఉడికించి, కొట్టి, పప్పు తీసి బ్రతుకవలసినవారే పలాస-కాశీబుగ్గలో అధికులు.

జీడిపిక్క పెంకులో ఒక నూనె కలదు. అందలి అనకార్డిక్ ఆమ్లము, కార్డోలు అను ద్రవ్యములు చర్మమును పొక్కించును. పిక్కలు కొట్టు స్త్రీల వ్రేళ్లు నల్లబడుట, తోలు ఊడుట ఈ నూనె చలవయే. పూర్వము పిక్కలను పెనములపైనను, తిరుగుడు డ్రమ్ములలోను కాల్చెడివారు. ఆ పొగ ఊరెల్ల కమ్మెడిది. పిమ్మట ఆవిరిపై ఉడికించు పద్ధతి వచ్చినది. పొగ తగ్గినది, పప్పు తెల్లగా వచ్చుచున్నది. ఇది మేలైన మార్పే. అయితే దానివెంట ఇంటి పెరటికి ఒక క్రొత్త అతిథి వచ్చినది. అది ఆవిరి.

చిన్న పాకలలో ఈ పాత్ర చూడుడు. అడుగున నీరు, నడుమ జల్లెడ వంటి తట్ట, దానిపై పిక్కలు, పైన మరలతో బిగించు మూత. పొయ్యిలో జీడిపెంకులే వంటచెరకు. నీరు పోయుటకొక గొట్టము, వదలుటకొక కుళాయి, ఆవిరి బలము చూపు ముల్లు గడియారము, ఆవిరి మీరినప్పుడు తనంతట తెరచుకొను సేఫ్టీ వాల్వు. ఇవన్నియు పాత్రకు కన్నములు చేసి అతికింపవలసినవే. ఆ అతుకులు వేయువాడు తరచుగా ఇంజనీరు కాడు. రోడ్డుప్రక్క గేట్లు, కిటికీ చువ్వలు చేయు కుఱ్ఱవాడు.

పాశ్చాత్య దేశములలో ఇంటనే బీరు కాచుకొను వేడుక కలదు. అమెరికాలో 1978లో చేసిన చట్టము దానిని అనుమతించినది. అక్కడివారు స్టెయిన్‌లెస్ స్టీలు డేగిసాకు కన్నము చేసి, సాకెట్టు అతికించి, కుళాయి బిగింతురు. పానీయమును గూర్చి మా అభిప్రాయము పాఠకులూహింపగలరు. దానిని విడిచి పాత్రనే చూతము. వారి డేగిసాకు మూత వదులు, ఆవిరి గాలిలో కలిసిపోవును, అతుకు చెడిన నేల తడియును. అయినను వారు ముఖమునకు ముసుగు, చేతులకు తోలు తొడుగులు లేక ఆ పనికి దిగరాదని తమలో తాము కట్టడి చేసికొన్నారు. మన పాత్రకు మూత బిగువు, క్రింద మంట తీవ్రము, చుట్టును పదిమంది. మనకు ముసుగు లేదు. వేడుకకై చేయువానికున్న రక్షణ బ్రతుకుదెరువునకై చేయువానికి లేకుండుట న్యాయమా?

ఆవిరి బలమెట్టిదో మన ఇల్లాండ్రకు వేరుగ చెప్పనక్కరలేదు. ప్రెషరు కుక్కరు వారి చేతిలోనిదే. సామాన్యమైన కుక్కరులో ఆవిరి చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలో బరువుతో త్రోయును. అంతటి ఒత్తిడియే 40 సెంటీమీటర్ల అడ్డుకొలత గల మూతపై పనిచేసినచో మొత్తము 1,250 కిలోలకు మించును. అనగా పది పన్నెండు పిక్కల బస్తాలకు మించిన బరువు బస్తాకు 80 కిలోల లెక్కను దిగువనుండి మూతను ఎత్తుచున్నదన్నమాట. నీరు ఆవిరియైనపుడు సుమారు 1,600 రెట్లు వ్యాపించును. చోటు చాలనపుడు బలహీనమైన అతుకును వెదకికొనును. కుక్కరు వెయిటుపై రాయి పెట్టు ఇల్లాలు లేదు. పెరటి పాత్ర వాల్వు కారుచున్నదని మేకు కొట్టి మూయువారు, ఆవిరి వృథాయగుచున్నదని దానిపై బరువు వ్రేలాడదీయువారు లేకపోలేదు.

యంత్రమను మాట సంస్కృతమున నియమించుట, అదుపునందుంచుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. అదుపు చేయునది యంత్రము. అదుపు తప్పించిన పాత్రకు ఆ పేరు చెల్లదు.

మంచి అతుకు ఎట్లుండవలెనో ఇంటి యజమానులుకూడ ఎఱుగుట మేలు. కన్నమును గ్యాసుమంటతో చించక, డ్రిల్లుతో తొలిచి, అంచులు నునుపు చేయవలెను. తుప్పు, రంగు, జీడినూనె జిడ్డు పూర్తిగ గీకివేయవలెను; జిడ్డుపై వేసిన అతుకులో బుడగలు మిగులును. సాకెట్టును వీలైనంతవరకు లోపలను వెలుపలను చుట్టును అతుకవలెను. పిమ్మట పాత్రను నీటితో నింపి, పంపుతో నీటి ఒత్తిడి పెట్టి పరీక్షింపవలెను. గాలితో పరీక్షించుట ప్రమాదము. నీరు ఇంచుమించుగా అణగదు గనుక అతుకు విడిన చిమ్మి ఊరకుండును. అణగిన గాలియైనచో ముక్కలు ఎగురును. ఈ పరీక్ష జరుగనిదే పొయ్యి వెలిగింపరాదు.

ఇక అతుకువాని సంగతి. వెల్డింగు వెలుగులో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. నల్లద్దము లేక చూచినవానికి అప్పుడేమియు తెలియదు. ఆరేడు గంటలు గడచి అర్ధరాత్రమున కన్నులలో ఇసుక పోసినట్లు మంట బయలుదేరును. మా వద్ద చదివి, పదవ తరగతితో బడి మానిన బాలుడొకడు టెక్కలి రోడ్డున గ్రానైటు పలకలు మోయు బండ్లకు చట్రములు అతుకు పనిలో చేరెను. ఒకనాటి ఉదయమున తల్లి అతనిని చేయిపట్టుకొని మా యింటికి తీసికొనివచ్చినది. ఱెప్పలు తెరచుకొనవు, నీరు ధారగా కారుచున్నది. “రాత్రి చనుబాలు వేయించినామండి, తగ్గలేదు,” అని ఆమె విలపించినది. వైద్యుని చూపగా రెండు దినములలో నెమ్మదించినది. “ఎన్నవసారి ఇది?” అని మేమడిగితిమి. “లెక్కలేదు మాస్టారూ, అందరికీ అవుద్ది,” అని వాడు నవ్వెను. ఆ నవ్వు మమ్ము బాధించినంతగా ఆ కన్నీరు బాధింపలేదు.

చనుబాలు వేయుట, బంగాళాదుంప ముక్కలు కట్టుట మనవైపు వాడుక. చల్లని తడిగుడ్డ హాయి గూర్చును గాని పుండుబడిన కంటిలో పాలు పోయరాదు, క్రిములు చేరును. ఆసుపత్రికి పోవుటయే మార్గము. అన్నిటికంటె సులువైన మార్గము 10 మొదలు 12 సంఖ్య వరకు గల నల్లద్దము అమర్చిన ముసుగు. ఒక చేత అద్దము, ఒక చేత హోల్డరు పట్టుకొనువానికి పాత్ర పట్టుటకు చేయి మిగులదు. అందుచేతనే అద్దము క్రింద పెట్టును. తలకు తగిలించు ముసుగు కొన్ని వందల రూపాయలకు దొరకును. ప్రక్కనుండి చూచు పిల్లలకును ఈ వెలుగు కీడే గనుక పనిచోటికి రేకుతోనో, మంటకు అంటుకొనని మందపు తెరతోనో చాటు పెట్టవలెను.

కంటి తరువాత ఊపిరి. జీఐ గొట్టములపై తెల్లని పూత జింకు. ఇనుము కరుగుటకు 1,538 డిగ్రీల వేడి కావలయును. జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్లని పొగయగును. ఆ పొగ పీల్చినవానికి రాత్రి చలిజ్వరము వచ్చును, తెల్లవారి తగ్గును. మలేరియా అని మాత్రలు మ్రింగువారు, బెల్లముతినిన పోవునని నమ్మువారు గలరు. అతుకుచోట జింకును ముందే గీకివేసి, గాలి పారుచోట నిలిచిన ఆ జ్వరమే రాదు. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో క్రోమియమను విషము కలదు. వెల్డింగు పొగ క్యాన్సరుకారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2017లో నిర్ణయించినది. నాలుగు గోడల నడుమ తలుపు వేసికొని చేయు పని కాదిది.

అగ్నిభయము చెప్పనే అక్కరలేదు. ఒక ప్రక్క నూనె ఊరు జీడిపెంకుల గుట్ట, మరియొక ప్రక్క కొబ్బరిపీచు, నడుమ నిప్పురవ్వలు. పని మొదలిడుటకు ముందు వానిని దూరము చేసి, రెండు బిందెల నీరును ఇసుకయు దగ్గరనుంచికొనవలెను. డీజిలో, రంగులో నిలువచేసిన పాత డ్రమ్మును చౌకకు కొని అతుకుటకు పూనుకొనుట చావును కొనితెచ్చుకొనుటయే. ఖాళీగా కనబడు డ్రమ్ములోని ఆవిరియే బాంబు. వానకాలమున తడినేలపై వట్టి కాళ్లతో హోల్డరు పట్టుటయు అట్టిదే. రబ్బరు అడుగుల బూట్లు, ఎండిన చెక్కపీట, తెగని తీగ ఉండవలెను.

చట్టములు లేవా యని పాఠకులడుగవచ్చును. కలవు. 25 లీటర్లకు తక్కువ పట్టు పాత్రలను, ఆవిరి ఒత్తిడి కిలోకు లోబడిన పాత్రలను బాయిలర్ల చట్టము లెక్కింపదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున విద్యుత్తు వాడుచోట పదిమంది పనివారుండవలెనని నియమముండెడిది. 2020లో చేసిన వృత్తిభద్రతా స్మృతి ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. ఆ లెక్కలకు లోబడినచోటనైన ఇన్‌స్పెక్టరు ప్రతి పెరటికి రాగలడా? నలుగురు పనిచేయు పాక చట్టపు చూపునకు అందదు. అక్కడ యజమానియే ఇన్‌స్పెక్టరు, ఇల్లాలే సాక్షి.

“ఇన్నాళ్లు ఏమయినది?” అనునది మేము విన్న మొదటి సమాధానము. “ఉక్కపోతలో ముసుగేమిటి?” అనునది రెండవది. మొదటిదానికి చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొను సామెతయే ఉత్తరము. రెండవది నిజమైన కష్టము. ఉదయపు చల్లని వేళ పని పెట్టుకొనుట, గంటకొకసారి విరామమిచ్చుట దానికి మందు. దసరానాడు వెల్డింగు పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి పట్టుచున్నాము. ఆ పూజ మానుమని మేమనము. పనిముట్టునకు పెట్టిన బొట్టుతోపాటు దానిని పట్టినవానికి ఒక ముసుగు, ఒక జత తొడుగులు పెట్టుడని మాత్రము వేడుచున్నాము.

ఉద్దానమునకు ఇదివరకే ఒక శాపము కలదు. ఎందరెందరో మూత్రపిండములు చెడి మంచముపట్టిరి. పండితులు నీటిని, మట్టిని, ఆహారమును ఏండ్లతరబడి పరీక్షించినను మూలకారణము నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధికై పెద్దాసుపత్రి తెరచిరి. కారణము తెలియని వ్యాధి యెదుట మనము నిస్సహాయులము; దానికై దుఃఖింతుము, ప్రభుత్వమునడుగుదుము. వెల్డింగు వెలుగున చెడిన కంటికి, ఆవిరికి కాలిన మేనికి కారణము తెలియును, నివారణ తెలియును, వెల తెలియును. తెలిసియు ఊరకుండుటకు ఏ సాకును చాలదు. మూత్రపిండ రోగియైన తండ్రికి మందులు కొనుటకు పిక్కల పాకలో కూలికి పోవు కొడుకులను మేమెఱుగుదుము. ఆ ఇంట ఒక కన్ను చెడిన చెడునది ఒక్క కన్ను కాదు.

కావున సోదరీమణులకు మా మనవి. మీ పెరట పాత్రకు అతుకు వేయించునపుడు వచ్చినవానిని ముందు ముసుగేదని అడుగుడు. లేనిచో ఒకటి కొని పాకలో వ్రేలాడదీయుడు. అది మీ ఇంటి సామానే. నీటి పరీక్ష కన్నులార చూడనిదే పొయ్యి ముట్టింపనీయకుడు. వాల్వును కుక్కరు వెయిటు వలె ప్రతిదినము చూచికొనుడు. ఉపాధ్యాయులమైన మేము ఆవిరిని గూర్చిన పాఠమును పుస్తకముతో ముగింపక, పిల్లలను పాత్రయొద్దకు గొనిపోయి ఆ ముల్లు గడియారమును చదువుట నేర్పుదుము.