అవ్వ అడిగిన గూడుబండి



పుంగనూరు దగ్గర మా పల్లెలో, చింతచెట్టు కింద తాతనాటి గూడుబండి ఏండ్ల తరబడి ఎండుతూ తడుస్తూ పడి ఉండేది. వంటచెరకు కింద కొట్టేద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు. అమ్మ పుట్టే ముందు నొప్పులు పడుతూ రాత్రంతా ఆ బండిలోనే మదనపల్లె మిషన్ ఆసుపత్రికి వెళ్ళిందట. "ఇంకొక్కసారి ఆ దారిన పోయి, దేవుని గుడిలో మోకరించి వస్తాను నాయనా" అని అడిగింది. అవ్వకు ఎనభై దాటాయి. బండిని ఇంటి దగ్గరే మళ్ళీ కట్టించాలని తీర్మానించుకున్నాము.

"తుమ్మచెక్క ఇంకా పచ్చిగా ఉంది, ఇంకో ఎండాకాలం ఆగండి" అన్నాడు ముసలి వడ్రంగి. అవ్వకు అంత వ్యవధి ఉందో లేదోనని మేము తొందరపెట్టాము.

చక్రానికి వేసే ఇనుప పట్టా చక్రం చుట్టుకొలత కంటే కొంచెం చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో అది ఎర్రగా కాలి సాగుతుంది. నలుగురు పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. ఇనుము ముడుచుకొని ఆకులన్నిటినీ బిగించి పట్టుకుంటుంది. పైన వెదురు దబ్బలు వంచి, ఈతచాప కప్పాము. లోపల వరిగడ్డి పరిచాము.

బయలుదేరిన రోజు పొలిమేర దాటకముందే పట్టా ఊడిపోయింది. పచ్చిచెక్క ఎండి చిక్కిపోయింది. అవ్వ ఒక్క మాటైనా అనలేదు. మా భుజం పట్టుకొని ఇంటికి నడిచి వచ్చింది. వడ్రంగి మాత్రం, "ఈసారి ఆగుతారా?" అని అడిగాడు. ఆగాము. దేవుడు అవ్వకు ఆ ఏడాది ఇచ్చాడు.

మరుసటి ఏడు మధ్యాహ్నం ఎడ్లు కట్టాము. రాత్రి మామిడితోపులో బండి విప్పి, మూడు రాళ్ళ పొయ్యిమీద సంగటి కెలికి, ఊరిబిండితో తిన్నాము. అవ్వ బండిలో, మేము బండి కింద పడుకున్నాము. 1863లో డాక్టర్ జేకబ్ ఛేంబర్లేన్ దొర మందులు, సువార్త పుస్తకాలు బండ్లమీద వేసుకొని తెలుగు సీమలో సుమారు 1200 మైళ్ళు తిరిగిన సంగతి ఆ రాత్రి చెప్పుకున్నాము. ఆయన 1908లో మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించారు. అవ్వ వెళ్ళిన మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో మొదలైనది.

తెల్లవారి మదనపల్లె చేరాము. చూపు మందగించిన అవ్వ ఆసుపత్రి గోడను చేత్తో తడిమి, "ఇక్కడే" అంది. తరువాత గుడిలో చాలాసేపు మోకరించింది.

యోసేపు పంపిన బండ్లను చూచాకే ముసలి యాకోబుకు ప్రాణం లేచివచ్చిందని ఆదికాండములో చదువుతాము. ప్రియులారా, మీ ఇంటి పెద్దలు అడిగిన చిన్న కోరిక ఏదైనా చింతచెట్టు కింద పడి ఉన్నదేమో చూడండి. ఈ రోజే మొదలుపెట్టండి. చెక్క ఎండడానికి ఎలాగూ కాలం పడుతుంది.