ఊరొక చోట... బొమ్మలొక చోట!

అడుగు ఎత్తు కూడా ఉండని రాగి బొమ్మ. ఒంటికి బంగారు పూత. బట్టల మడతల్లో నీలి రంగు. కళ్ల స్థానంలో చిన్న గాజు పూసలు. అక్కడక్కడా రెండు మూడు చిల్లులు. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఇలాంటి బొమ్మలు యూరప్, అమెరికా మ్యూజియాల్లో చాలాచోట్ల కనిపిస్తాయి. వాటి పక్కన పెట్టిన చీటీ చదివితే ఎక్కువగా కనిపించే ఊరి పేరు ఒకటే... లిమోజ్.

ఫ్రాన్స్‌లో పారిస్‌కు దక్షిణంగా దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, వియెన్ నది ఒడ్డున ఉందీ నగరం. పారిస్ నుంచి రైల్లో మూడు గంటలకు పైనే పడుతుంది. దిగగానే స్టేషనే ఓ వింత. 1929లో తెరిచిన ఈ భవనాన్ని ఏకంగా పట్టాల మీదే కట్టారు. లిమోజ్ అంటే ఇప్పుడు అందరికీ పింగాణీ గుర్తొస్తుంది గానీ, అది 18వ శతాబ్దపు ముచ్చట. అంతకు ఆరు వందల ఏళ్ల ముందే ఈ ఊరికి పేరు తెచ్చింది రాగి మీద ఎనామిల్ పని.

మందపాటి రాగి పలక మీద బొమ్మ గీసి, రంగు రావాల్సిన చోట ఉలితో గుంటలు చెక్కేవారు. వాటిలో రంగుల గాజు పొడి నింపి కొలిమిలో పెడితే గాజు కరిగి రాగికి అతుక్కుపోతుంది. కరిగాక మట్టం తగ్గుతుంది కాబట్టి మళ్లీ నింపడం, మళ్లీ కాల్చడం! తర్వాత నున్నగా అరగదీసి, పాదరసంలో కలిపిన బంగారాన్ని మిగిలిన రాగికి పూసి వేడిచేసేవారు. పాదరసం ఆవిరై బంగారం నిలిచేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల సంగతి ఏ చీటీ మీదా కనిపించదు.

మనుషుల బొమ్మలు పలక మీంచి పొడుచుకొచ్చినట్టు ఉండాలంటే రాగిని వెనక నుంచి సుత్తితో కొట్టి ఉబ్బెత్తుగా చేసేవారు. లేదంటే తల ఒక్కటీ విడిగా చేసి బిగించేవారు. ఇవన్నీ చెక్క పెట్టెలకూ, శిలువలకూ, గ్రంథాల అట్టలకూ మేకులతో కొట్టడానికే. మన గుళ్లలో చెక్క తలుపులకు వెండి రేకు తాపడం చేస్తారే, అలాగన్నమాట. ఆ చిల్లులు మేకులవే. శిలువ మీది క్రీస్తు బొమ్మలకైతే చేతుల్లో, పాదాల్లోనే చిల్లులుంటాయి. కథలోని మేకూ, పనివాడి మేకూ ఒకే చోట దిగాయి!

1170లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ చర్చిలో ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను కత్తులతో నరికి చంపారు. మూడేళ్లకే ఆయన్ను సెయింట్‌గా ప్రకటించారు. ఆయన అవశేషాలు దాచేందుకు లిమోజ్‌లో పెట్టెల మీద పెట్టెలు తయారయ్యాయి. ఆ హత్య దృశ్యంతో ఉన్నవి ఇప్పటికీ దాదాపు 50 మిగిలాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1996లో అలాంటి ఒక పెట్టెను 40 లక్షల పౌండ్లకు పైగా వెచ్చించి దక్కించుకుంది. లోపల చెక్క, పైన రాగి, గాజు... అంతే!

అసలు నష్టం తెలియాలంటే లిమోజ్‌కు ఉత్తరాన గుట్టల్లో ఉన్న గ్రాన్‌మోన్‌కు వెళ్లాలి. భూములు, పశువులు ఉండకూడదని నియమం పెట్టుకున్న సన్యాసుల మఠం అది. అలాంటివాళ్ల బలిపీఠమే ధగధగలాడేది! రాజులు, భక్తులు ఇచ్చిన కానుకలు మరి. 1772లో ఈ మఠాన్ని రద్దు చేశారు. కట్టడాలు కూల్చేశారు. ఫ్రెంచి విప్లవ కాలంలో 1790లో సంపదను చుట్టుపక్కల చర్చిలకు పంచారు. రాగి అనుకున్నది కొలిమికి పోయింది. బలిపీఠం మీద కూర్చున్న క్రీస్తు శిష్యుల్లో మాథ్యూ ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో, జేమ్స్ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నారు. అంతకన్నా పాత పలకలు రెండు పారిస్ క్లూనీ మ్యూజియానికి చేరాయి. గ్రాన్‌మోన్‌లో మాత్రం పునాదులే మిగిలాయి.

లిమోజ్‌లో కెథడ్రల్ పక్కనే, ఒకప్పటి బిషప్ భవనంలో ఉన్న మ్యూజియంలో ఎనామిల్ పనులు తనివితీరా చూడొచ్చు. నాకైతే అక్కడితో ఆగకుండా అంబజాక్ దాకా వెళ్లమని చెప్పాలనిపిస్తుంది. లిమోజ్‌కు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరది. గ్రాన్‌మోన్ పంపకాల్లో వచ్చిన, రెండడుగులకు పైగా పొడవున్న పెట్టె ఒకటి ఇప్పటికీ ఆ ఊరి చర్చిలోనే ఉంది. 1907లో దొంగలు ఎత్తుకెళ్లారు. లండన్‌లో పాత వస్తువుల వ్యాపారి దాకా వెళ్లింది. ఊరి అదృష్టం బాగుండి తిరిగొచ్చింది. ఇప్పుడు అద్దాల వెనక భద్రంగా ఉంది. చర్చి ఏ వేళల్లో తెరుస్తారో ముందే కనుక్కుని బయల్దేరండి.