కాగితపు గోడ

కనుగుంటకూ ముక్కు పక్కనున్న గాలిగదులకూ నడుమ ఒక ఎముక ఉంది. దాని లాటిన్ పేరు లామినా పాపిరేసియా. కాగితపు పొర అని అర్థం. పేరు పెట్టినవారు అతిశయోక్తికి పోలేదు. ఆ పొరకు ఇవతల మా పరికరాలు, అవతల రోగి కన్ను. చెవి ముక్కు గొంతు వైద్యుణ్ణి కనుక ఆ గోడ పక్కన పనిచేయడం నా వృత్తి. శస్త్రచికిత్సకు ముందు సి.టి. స్కాన్ ఎందుకు, దాన్ని అంతసేపు చూడడమెందుకు అని చాలామంది అడుగుతుంటారు. వారికోసమే ఈ నాలుగు మాటలు.

సైనసులోని శ్లేష్మం ఎటుపడితే అటు పోదు, తన సహజ ద్వారం వైపే కదులుతుంది. ఈ సంగతిని ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ మెసెర్‌క్లింగర్ ఓపికగా పరిశీలించి చూపారు. ద్వారం వద్ద అడ్డు తొలగిస్తే లోపలి పొర చాలావరకు తనంత తాను కోలుకుంటుందన్నది దాని సారం. 1980లలో హైంజ్ స్టామ్‌బెర్గర్, డేవిడ్ కెనెడీ ఈ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశారు. కెనెడీతో కలిసి పనిచేసిన రేడియాలజిస్టు జేమ్స్ జిన్‌రైక్, సి.టి.ని ఈ శస్త్రచికిత్సకు అనువుగా మలచడంలో ముఖ్యులు. ముఖానికి సమాంతరంగా, నిలువుగా తీసిన చిత్రాలు ఎండోస్కోపులో మాకు కనబడే దృశ్యానికి దగ్గరగా ఉంటాయి.

నేను మొదట చూసేది పైకప్పును. దానిపైన మెదడు. వాసన నాడులుండే పల్లం ఎంత లోతుందో బట్టి 1962లో కెరోస్ మూడు తరగతులు చేశారు: 1-3, 4-7, 8-16 మిల్లీమీటర్లు. లోతు పెరిగినకొద్దీ దాని పక్కనున్న అతి పలుచని ఎముక పరికరానికి ఎక్కువగా దొరుకుతుంది. ఒకే మనిషిలో కుడిఎడమలు సమానంగా ఉండాలన్న నియమమూ లేదు. తరువాత కాగితపు గోడ. ఎక్కడైనా చిల్లు ఉన్నదా? తరువాత ముందువైపు ఎత్మాయిడ్ ధమని. అది కప్పులో దాగి ఉన్నదా, కిందికి వేలాడుతున్నదా? తెగితే ఆ ధమని కనుగుంటలోకి ముడుచుకుపోయి అక్కడ రక్తం కార్చవచ్చు, చూపుకే ముప్పు. చివరికి వెనుక గది. కంటినాడిని ఆనుకున్న ఓనోడీ కణం ఉందా? మెదడుకు వెళ్ళే కెరోటిడ్ ధమనిపై ఎముక ఉన్నదా, లేదా?

ఒక ఉపాధ్యాయినికి ముక్కులో పాలిప్‌లు పెరిగాయి. వాసన తెలియక ఏళ్ళు గడిచాయి. "చిన్న ఆపరేషనే కదండీ?" అని అడిగారు. ఫిల్మును దీపపు పెట్టెమీద ఉంచి, ఎడమకన్న కుడివైపు కప్పు ఎంత కిందికి దిగి ఉన్నదో చూపాను. "రంధ్రం చిన్నదేనమ్మా, పొరుగువారే పెద్దవారు" అన్నాను. కుడివైపు ఆ కప్పు దగ్గర కొంత పాలిప్‌ను తీయకుండా వదిలేస్తాననీ, దానికి మందు స్ప్రే వాడుకోవలసి ఉంటుందనీ ముందే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. కొన్ని వారాల తరువాత వచ్చి, ఇంగువ పోపు వాసన తెలిసిందని చెప్పారు.

అయితే చిత్రమే వ్యాధి కాదు. తలనొప్పికని స్కాన్ తీయించుకున్నవారిలో, సైనస్ బాధ ఏమీ లేకున్నా పొర వాచినట్టు కనబడడం మామూలే. జలుబు చేసిన వారంలో తీస్తే మరీను. అందుకే ముందు మందులు వాడి, అప్పటికీ తగ్గనప్పుడే శస్త్రచికిత్స కోసం స్కాన్ తీయిస్తాం. 1993 నాటి లండ్-మెకే పద్ధతిలో 0 నుండి 24 వరకు అంకె వేస్తాం గాని, ఆ అంకెకూ మనిషి పడే బాధకూ చాలాసార్లు పొంతన కుదరదు. వ్యాధి కంటికో మెదడుకో పాకిందన్న అనుమానముంటే ఎం.ఆర్.ఐ. కూడా కావాలి. 2021లో నల్ల ఫంగస్ మన దేశాన్ని కుదిపినప్పుడు వైద్యులందరూ ఈ రెంటినీ ఆశ్రయించారు.

ఎక్కడిదాకా వెళ్ళాలో ఎండోస్కోపు కొంత చెబుతుంది. ఎక్కడ ఆగాలో ముందుగా చెప్పేది ఈ చిత్రమే. పాఠకులకు ఒక్క విన్నపం: మీ స్కానును చూపించి వివరించమని వైద్యుణ్ణి అడగండి. పాత ఫిల్ములను పారేయకండి. ఒకసారి శస్త్రచికిత్స జరిగిన ముక్కులో మాకు దారి చూపే ఆనవాళ్ళు కొన్ని చెరిగిపోతాయి. రెండోసారి అవసరమైతే, అవి మొదట ఎక్కడుండేవో చెప్పేది ఆ పాత ఫిల్మే.