నైట్రేట్, అయోడిన్, థైరాయిడ్: మూడు పాఠాలు, ఒకే ప్రశ్న

సిలబస్‌లో ఎరువుల సబ్సిడీ ఒకచోట, భూగర్భజలాలు మరోచోట, అయోడిన్ లోపం ఇంకోచోట ఉంటాయి. నా నోట్సులో ఈ మూడింటినీ ఒకే పేజీలోకి తెచ్చింది నైట్రేట్.

2010 నాటి పోషకాధారిత సబ్సిడీ విధానంలోకి యూరియా రాలేదు. దాని ధరను ప్రభుత్వమే తక్కువగా ఉంచుతోంది. అందుకే పొలంలో భాస్వరం, పొటాష్‌లతో పోలిస్తే నత్రజని మోతాదు మించుతోంది. పైరు తీసుకోగా మిగిలినది నైట్రేట్‌గా మారి, నీటిలో కరిగి భూమిలోకి ఇంకుతుంది. మురుగునీరు, పశువుల పేడ దీనికి తోడవుతాయి. తాగునీటిలో మన పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదికలో దేశవ్యాప్తంగా సుమారు 20 శాతం నమూనాలు ఆ పరిమితి దాటాయి. రాజస్థాన్‌లో 49 శాతం, కర్ణాటకలో 48 శాతం, తమిళనాడులో 37 శాతం దాటాయి.

ఇక్కడ మనం సాధారణంగా పసిపిల్లల 'బ్లూ బేబీ' సమస్య రాసి ఆపేస్తాం. థైరాయిడ్ సంగతీ చూడాలి. ఈ గ్రంథి రక్తంలోని అయోడిన్‌ను సోడియం అయొడైడ్ సింపోర్టర్ అనే ప్రొటీన్ ద్వారా లోపలికి తీసుకుంటుంది. అదే ద్వారం దగ్గర నైట్రేట్ పోటీకి వస్తుంది. పెర్‌క్లోరేట్, థయోసయనేట్‌లంత బలమైన పోటీదారు కాదు గానీ, ఒంట్లోకి చేరే మోతాదు ఎక్కువ. అయోడిన్ సరిపడా అందితే గ్రంథి చాలావరకు తట్టుకుంటుంది. అందకపోతే హార్మోన్ తగ్గి, టీఎస్‌హెచ్ పెరిగి, గ్రంథి ఉబ్బవచ్చు. అంటే 1962లో మొదలైన గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ఉప్పు ద్వారా ఇచ్చే అయోడిన్‌తో, ఎరువుల విధానం నీటిలోకి పంపే నైట్రేట్ పోటీపడుతుందన్నమాట.

ఈ అంశం నాకు పరీక్ష కోసం మాత్రమే కాదు. మా అమ్మ ఏడేళ్లుగా రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. ఇంట్లో తాగేది బోరు నీళ్లు. పరీక్ష చేయిస్తే నైట్రేట్ 70 దాకా వచ్చింది. బోరే కారణమని అమ్మ అనేసింది. నేను అనలేకపోయాను. అయోడిన్ సరిపడా అందే చోట్ల హైపోథైరాయిడిజానికి ముఖ్య కారణం హషిమోటో అనే ఆటోఇమ్యూన్ వ్యాధి.

అధ్యయనాలూ ఒకే మాట చెప్పవు. లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగిన నెదర్లాండ్స్ మహిళల్లో గ్రంథి పరిమాణం పెరిగినట్లు 1994లో తేలింది. అమెరికాలోని అయోవాలో సుమారు 22 వేల మంది పెద్దవయసు మహిళలపై 2010లో వచ్చిన అధ్యయనంలో హైపోథైరాయిడిజంతో సంబంధం ఆహార నైట్రేట్‌కే కనిపించింది, నీటి నైట్రేట్‌కు కనిపించలేదు. పాలకూర, బీట్‌రూట్ వంటి వాటిలో నైట్రేట్ సహజంగానే ఎక్కువ. అలాగని ఆకుకూరలు మానమనడం సరికాదు, వాటి మేలు చాలా పెద్దది.

నీటి విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి: మరగబెడితే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో, లేదా వేరే నీటి వనరు కావాలి. మా ఇంట్లో తాగే నీళ్లు మార్చాం, మాత్ర మాత్రం మానలేదు.

మెయిన్స్‌లో రాయాల్సి వస్తే నేనిలా రాస్తాను: సంబంధం ఉందనడానికి ఆధారాలున్నాయి, కారణమని పూర్తిగా రుజువు కాలేదు. అయినా గర్భిణులు, పిల్లలు, అయోడిన్ తక్కువగా అందేవారి విషయంలో రుజువు కోసం ఆగకుండా బోర్లను పరీక్షించాలి, యూరియా వాడకం తగ్గించాలి.