హనీమూన్‌కి వెళితే... చుట్టాలు దొరుకుతారు!

నీలిరంగు సముద్రం, తెల్లటి ఇసుక, పగడపు దిబ్బల మీద విరిగే అలలు... కొత్త దంపతులు మారిషస్‌ను ఎంచుకోవడానికి ఇవి చాలు. కానీ అక్కడికి వెళ్లొచ్చిన తెలుగు జంటలతో మాట కలిపి చూడండి. సముద్రం గురించి రెండు ముక్కలు చెప్పి, తమను ఇంటికి పిలిచి భోజనం పెట్టినవారి కబుర్లలోకి దిగిపోతారు. ముక్కూమొహం తెలియని ఊళ్లో అంత ఆదరణ ఎందుకు? దాని వెనక దాదాపు రెండు వందల ఏళ్ల కథ ఉంది.

‘మీదే ఊరు?’

మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న చిన్న దీవి మారిషస్. విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో మూడోవంతు ఉంటుందంతే. జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. వారిలో మూడింట రెండొంతుల మంది మూలాలు మన దేశంలోనే ఉన్నాయి.

అందుకే టాక్సీ ఎక్కగానే డ్రైవర్ అడిగే మొదటి ప్రశ్న ‘ఇండియాలో ఎక్కడ?’ అని. ఆంధ్రా అనో, తెలంగాణ అనో చెప్పారనుకోండి... అతను తెలుగు కుటుంబం వాడైతే ఇక అంతే! ఛమరేల్‌లో ఏడురంగుల మట్టి, జలపాతం చూపించి దింపేయాల్సిన మనిషి ‘మా అమ్మ మిమ్మల్ని చూస్తే సంతోషిస్తుంది, ఒక్కసారి ఇంటికి రండి’ అంటాడు.

అప్పన్న, అప్పడు, అప్పలసామి, వీరాసామి... ఇవి అక్కడ ఇంటిపేర్లు! ఓడ దిగిన ముత్తాత పేరును గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకున్నాడు. అదే తరతరాలకూ ఇంటిపేరైపోయింది.

పదహారు మెట్లు

రాజధాని పోర్ట్ లూయీలో రేవు పక్కన ‘ఆప్రవాసీ ఘాట్’ అనే పాత రాతి కట్టడం ఉంది. బీచ్‌ల హడావిడిలో చాలామంది కొత్త జంటలు దీన్ని వదిలేస్తారు. తెలుగువారు మాత్రం తప్పక చూడాల్సిన చోటిది.

బ్రిటిషువారు బానిసత్వాన్ని రద్దు చేశాక చెరకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చారు. 1834 నుంచి 1920 వరకూ దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయుల్ని ఒప్పందం మీద ఓడల్లో తీసుకొచ్చారు. తొలినాళ్లలో గడువు అయిదేళ్లు, జీతం నెలకు అయిదు రూపాయలు! గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వెళ్లినవారు చాలామందే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచీ, మద్రాసు నుంచీ ఓడలెక్కారు. రేవు దగ్గర వాళ్లంతా ఎక్కివచ్చిన పదహారు మెట్లు నేటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో ఈ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఏటా నవంబరు 2న దేశమంతా సెలవు పాటించి వాళ్లను తలుచుకుంటుంది.

మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కూలీల వివరాలున్న రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. తమ పూర్వికుల ఊరేదో తెలుసుకునేందుకు వాటిని వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు. కాగితం మీది ఆ ఊరి పేరు మనలో ఎవరినైనా అడిగి ‘మీకు తెలుసా?’ అన్నప్పుడు వాళ్ల కళ్లల్లో కనిపించే ఆశ... అతిథి మర్యాదకు అసలు మూలం అదే.

ఆదివారం సరుగుడు చెట్ల కింద

ఆ మర్యాద తెలుగిళ్లకే పరిమితం కాదు. ఆదివారం ఏ పబ్లిక్ బీచ్‌కి వెళ్లినా సరుగుడు చెట్ల కింద చాపలు పరుచుకుని కుటుంబాలకు కుటుంబాలే కనిపిస్తాయి. గిన్నెల నిండా బిర్యానీ, మసాలా వడలను తలపించే ‘గాతో పిమాన్’లు, శనగపప్పు కూరి చేసిన ‘దాల్ పూరీ’లు. కొత్తవాళ్లు దగ్గర్లో కూర్చుంటే ‘రండి, తినండి’ అనే పిలుపు రావడం మామూలే. హిందువులు, ముస్లింలు, ఆఫ్రికా మూలాలున్న క్రియోల్‌లు, చైనా సంతతివారు... పక్కపక్కనే వనభోజనాలు చేస్తారు.

సాయంత్రమయ్యేసరికి మంట వేసి, మేకతోలు బిగించిన ‘రవాన్’ను దాని వేడికి కాస్త సెగ చూపించి వాయించడం మొదలుపెడతారు. అదే సెగా నృత్యం. బానిసల బాధల్లోంచి పుట్టిన ఆ ఆటలోకి కొత్త పెళ్లికూతుర్ని, పెళ్లికొడుకునీ లాగకుండా ఉండరు!

వంటింట్లో మిగిలిన తెలుగు

తెలుగింట్లోకి అడుగుపెట్టాక ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. విస్తరాకు ఉంటుంది, చారు ఉంటుంది, గోడ మీద వెంకటేశ్వరస్వామి ఉంటాడు. మాట మాత్రం క్రియోల్‌! ఫ్రెంచి నుంచి పుట్టిన ఆ భాషే దీవిలో అత్యధికుల ఇంటిభాష. అయితే అందులోనూ కొత్తిమీర ‘కోతొమిలి’, మునగాకు ‘బ్రెద్ మురుం’. కూరల బజారులో దక్షిణాది మాటలు అలా బతికిపోయాయి.

తెలుగు ఎక్కువగా మిగిలింది పూజలో, పాటలో. దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజన, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ... అర్థం పూర్తిగా తెలియకపోయినా అక్షరం పొల్లుపోకుండా పాడేవాళ్లున్నారు. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. బడుల్లో తెలుగు నేర్పుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. అయినా ఇంట్లో తెలుగు మాట్లాడేవారు తరం తరానికీ తగ్గిపోతున్నారు. అందుకే మనం భార్యాభర్తలం మామూలుగా మాట్లాడుకుంటుంటే ఆ ఇంటి పెద్దావిడ వంట ఆపి వింటుంది. చిన్నప్పుడు తన నాయనమ్మ నోట విన్న మాట ఒకటి మళ్లీ చెవిన పడుతుందేమోనని!

తిరిగి ఏమిస్తాం?

భోజనానికి డబ్బివ్వబోతే నొచ్చుకుంటారు. వాళ్లకు కావాల్సింది వేరు. తడబడుతూ రెండు తెలుగు ముక్కలు మాట్లాడితే నవ్వకుండా ఓపిగ్గా వినడం. పిల్లలకోసం తెలుగు బొమ్మల పుస్తకం ఒకటి పట్టుకెళ్లడం. పూర్వికుల ఊరి పేరు చెబితే రాసుకుని, తిరిగొచ్చాక వీలైతే ఆ ఊరికి వెళ్లి గుడిదో చెరువుదో ఒక ఫొటో తీసి పంపడం. ‘పంపిస్తాం’ అని చెప్పి మరిచిపోతే మాత్రం అది పెద్ద తప్పే. మనకు సెలవుల్లో తీసే ఫొటోల్లో అదీ ఒకటి. నాలుగు తరాలుగా ఆ ఊరి పేరు మాత్రమే దాచుకున్న వాళ్లకు, అది తాము ఎన్నడూ చూడని పుట్టిల్లు.

వెళ్లాలంటే...

ముంబయి నుంచి నేరుగా విమానాలున్నాయి. ప్రయాణం సుమారు ఆరు గంటలు. మన గడియారం కన్నా గంటన్నర వెనక. మే నుంచి నవంబరు వరకూ చల్లగా, హాయిగా ఉంటుంది. జనవరి-మార్చి మధ్య తుపాన్ల భయం ఉంది. వీసా నిబంధనలు బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోవాలి. హోటల్ ప్యాకేజీలో అన్ని రోజులూ నింపేయకుండా ఒక ఆదివారాన్ని ఖాళీగా ఉంచుకోండి. పిలుపు ఎటునుంచి వస్తుందో చెప్పలేం!